1942లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి చిన్నప్పుడు ఓడెక్కి వచ్చినవాళ్లు మీ ఇళ్లల్లో ఉన్నారా? మా అమ్మమ్మ గురించి ఒక సందేహం

బరంపురం ఆడపడుచు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది బరంపురం. అమ్మమ్మ వాళ్లది ఇచ్ఛాపురం దగ్గర పల్లె, ఇప్పుడు మా అమ్మ దగ్గరే ఉంటోంది. తొంభై దాటాయి, చెవులు మందగించాయి గానీ జ్ఞాపకం మాత్రం మాకంటే నయం. ఆవిడ పుట్టింది రంగంలోనే. వాళ్ల నాన్న అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు, మన గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీల వెంట వెళ్లిన వేలమందిలో ఒకడు.

జపాన్ వాళ్లు బాంబులు వేశాక ఆయన భార్యనీ ముగ్గురు పిల్లల్నీ ఓడెక్కించి పంపించాడు. అమ్మమ్మకి అప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్లు. ఆయన మాత్రం ఎక్కలేదు. తర్వాత రాలేదు, ఉత్తరం లేదు, కబురు లేదు.

ఓడ గురించి ఆవిడ చాలా చెబుతుంది. డెక్కు మీద కాలు పెట్టడానికి చోటు లేదట, తాళ్ల చుట్టల మీదే పిల్లల్ని పడుకోబెట్టారట, రాత్రిపూట ఒక్క దీపం వెలిగించనివ్వలేదట. నీళ్ల కింద జపాన్ వాళ్ల ఓడ ఉంటుంది, ఏడిస్తే వాళ్లకి వినిపిస్తుంది అని ఎవరో పెద్దావిడ చెప్తే చంటి తమ్ముడి నోరు తన చేత్తో మూసి పట్టుకుని కూర్చుందట, రాత్రంతా. ఆ చెయ్యి ఎలా పెట్టిందో ఇప్పటికీ చూపిస్తుంది, బొటనవేలు తమ్ముడి బుగ్గ మీద, మిగతా వేళ్లు పెదాల మీద, ముక్కు మాత్రం మూయకుండా. కలకత్తాలో దిగితే ఎవరో పూరీలు పెట్టారు, అక్కణ్ణుంచి రైల్లో వచ్చారు.

అంతవరకూ బాగానే చెబుతుంది. వాళ్ల నాన్న మాట వచ్చేసరికి మాత్రం ఒకటే మాట. "మా నాయన మమ్మల్ని ఓడెక్కించీసి ఒగ్గీసినాడు." అంతే, ఇంక మాట్లాడదు. ఊళ్లో వాళ్లు అప్పట్లోనే అన్నారట, వాడికి అక్కడ బర్మా ఆడదానితో ఇంకో సంసారం ఉంది, అడ్డు తొలగించుకున్నాడు అని. ఆ మాట పట్టుకుని వాళ్లమ్మ, అంటే మా ముత్తమ్మమ్మ, పడిన అవస్థ అంతా ఇంతా కాదు. మొగుడు పోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి బొట్టు తీయలేదు, ఉన్నాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి పేరంటాలకి పిలవలేదు. చివరికి కుల పెద్దలు ఏళ్ల తరబడి ఎదురు చూశాక దర్భలతో బొమ్మ చేయించి కర్మ జరిపించారట. కూతురి పెళ్లికి పీటల మీద ఎవరు కూర్చోవాలి అని గొడవ వచ్చింది, అందుకు.

ఇప్పుడు నా ప్రశ్నలు. ఒకటి, ఆ రోజుల్లో మగవాళ్లు కుటుంబాన్ని పంపించి తాము ఎందుకు ఉండిపోయారు? మా ముత్తాత ఒక్కడేనా, అందరూ అలాగేనా? రెండు, ఆ ఓడల్లో వచ్చినవాళ్ల పేర్లు, అక్కడ పోయినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉంటాయా? మా అబ్బాయి స్కూల్లో రెండో ప్రపంచ యుద్ధం పాఠం అంటే లండన్ పిల్లలు, బ్రిటన్ పిల్లలు అనే చెబుతున్నారు, మనవాళ్ల సంగతి ఎక్కడా లేదు. మూడోది అసలైనది. ఏమైనా తెలిస్తే ఈ వయసులో ఆవిడకి చెప్పాలా, వద్దా?

కిమిడి మాస్టారు

అమ్మా, నేను పర్లాకిమిడిలో హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో కూడా రంగం మనుషులు ఉన్నారు. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసింది వివరంగా రాస్తాను, కాస్త పెద్దదవుతుంది.

రంగం మీద మొదటి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. జనానికి విమాన దాడి అంటే ఏమిటో తెలియదు, ఆకాశంలో విమానాలు కొట్టుకుంటుంటే వీధుల్లోకి వచ్చి తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఆ ఒక్కరోజే సుమారు 2 వేల మంది పోయారు. మళ్లీ డిసెంబరు 25న వేశారు. ఆ ఊళ్లో అప్పుడు సగానికి పైగా జనం భారతీయులే. బర్మా మొత్తం మీద 1931 లెక్కల ప్రకారమే పది లక్షల మంది మనవాళ్లు, అందులో లక్షన్నరకు పైగా తెలుగువాళ్లు. రేవులో బస్తాలు మోసేది, మిల్లుల్లో పనిచేసేది, రిక్షాలు లాగేది, వీధులు ఊడ్చేది అందరూ మనవాళ్లే. దాడి జరగగానే వీళ్లు పారిపోయారు. రేవు ఆగిపోయింది, యుద్ధసామగ్రి దించడానికి మనిషి లేడు. ఉత్తరాన ప్రోం ఊరికి వెళ్లే రోడ్డు పట్టుకుని నడిచిపోతున్న వేలమందిని నచ్చజెప్పి వెనక్కి తిప్పి తీసుకొచ్చింది ప్రభుత్వం.

ఇక్కడే మీ ముత్తాత సంగతి వస్తుంది. కూలీలు పోతే రేవు నడవదు కాబట్టి, డెక్కు టికెట్టు (గది లేకుండా ఓడ డెక్కు మీదే కూర్చుని వెళ్లే చవక టికెట్టు) మీద వయసులో ఉన్న భారతీయ మగవాళ్లు ఓడెక్కకూడదని ఆంక్ష పెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు వెళ్లొచ్చు. డబ్బున్నవాళ్లు క్యాబిన్ టికెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు. మిల్లు కూలీ క్యాబిన్ టికెట్టు ఎక్కడ కొంటాడు తల్లీ? అతనికి దొరికేది డెక్కు టికెట్టే, అది అతనికి ఇవ్వరు. పెళ్లాం పిల్లల్ని ఓడెక్కే నిచ్చెన వరకూ దింపి అక్కడ ఆగిపోవడమే.

కాబట్టి మీ ముత్తాతకి అక్కడ ఇంకో సంసారం ఉందా లేదా అన్నది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. అలాంటివాళ్లు ఉన్నారు కూడా. కానీ ఆ ఓడ ఎక్కకపోవడం మాత్రం ఆయన చేతిలో ఉన్న విషయం కాదు. ఇది మాత్రం నేను గట్టిగా చెప్పగలను. ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే, ఉన్న డబ్బంతా పెట్టి నాలుగు టికెట్లు సంపాదించడం. రంగం పడిపోయేలోగా ఓడల్లో బయటపడింది సుమారు 70 వేల మందే. ఆ 70 వేలలో మీవాళ్లు నలుగురు ఉన్నారంటే ఆయన ఎన్ని రోజులు ఎవరి కాళ్లు పట్టుకున్నాడో ఆలోచించండి.

1942 మార్చి మొదటి వారంలో సైన్యం రంగం వదిలేసింది, 8న జపాన్ వాళ్లు ఊళ్లోకి వచ్చారు. అప్పటికి మిగిలిన మగవాళ్లంతా నడకే. కొందరు ప్రోం దగ్గర ఇరావదీ నది దాటి, టాంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కణ్ణుంచి పడవల మీద అక్యాబ్, చిట్టగాంగ్. ఆ కనుమలో నీళ్లు లేవు, కలరా వచ్చింది, శవాల పక్కనే పడుకుని లేచి నడిచారు. ఇంకొందరు మాండలే దాటి కలేవా, తము, పాలెల్, ఇంఫాల్, చివరికి దిమాపూర్‌లో రైలు. అందరికంటే ఆలస్యమైనవాళ్లు ఉత్తరాన హుకాంగ్ లోయలోంచి అస్సాంలోని లేడో వైపు, వాళ్ల మీద మే నెలలో వానలు మొదలయ్యాయి. మొత్తం నాలుగైదు లక్షల మంది బయల్దేరారని అంచనా, దారిలో పోయినవాళ్ల సంఖ్య మీద మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, 10 వేల నుంచి 50 వేలు, అంతకంటే ఎక్కువ అన్నవాళ్లూ ఉన్నారు. ఇంత తేడా ఎందుకు వచ్చిందంటే ఎవరూ లెక్కపెట్టలేదు గనక. ఎక్కడ పడిపోయినవాడు అక్కడే.

ఉత్తరం రాలేదంటారా, మార్చి తర్వాత జపాన్ చేతిలో ఉన్న రంగం నుంచి ఇక్కడికి టపా ఎలా వస్తుంది? యుద్ధం అయ్యేదాకా, అంటే 1945 దాకా ఆ దారి మూతపడినట్టే. ఆయన అక్కడే ఉండిపోయినా రాయలేడు, దారిలో పోయినా చెప్పేవాడు లేడు. ఊళ్లో అన్న మాటలు ఆ ఖాళీలోంచి పుట్టినవి.

ఛత్రపురం బాబు

మాస్టారు రాసింది అక్షరాలా నిజం. మా తాతయ్య టాంగప్ దారిలో నడిచి వచ్చినవాడే. బయల్దేరినప్పుడు వాళ్ల ఊరివాళ్లు ఒక గుంపు, చిట్టగాంగ్ చేరింది ఇద్దరు. ఆయన పోయేదాకా ఇంట్లో ఎవరూ నీళ్ల చెంబు బోర్లించకూడదు, అడుగున కొంచెం నీళ్లు ఉండాల్సిందే. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు. నాకు మటుకు ఆ కనుమ గురించి చదివాకే అర్థమైంది.

ఇంకొకటి. ఓడల్లో ముందు వచ్చిన పిల్లలకి కూడా ఇక్కడ ప్రశాంతత దొరకలేదు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి కదా, సరిగ్గా అప్పుడే మన ఒడిశా తీరం బయట సముద్రంలో జపాన్ నౌకలు సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచేశాయి, బతికినవాళ్లు పడవల మీద ఒడ్డుకి కొట్టుకొచ్చారు. అప్పుడు తీరంలో ఊళ్లకి ఊళ్లు లోపలికి పారిపోయాయి. రంగంలో బాంబులు చూసి వచ్చిన పిల్లలు మూడు నెలలు తిరక్కుండా మళ్లీ మూట కట్టుకున్నారు. మా తాతయ్య చెల్లెలు అలాగే కొండల వైపు మేనమామ ఇంటికి వెళ్లి అక్కడే పెరిగింది. మీ అమ్మమ్మ గారు కూడా అలా ఎక్కడికైనా వెళ్లారేమో అడిగి చూడండి.

జయపురం పెద్దమనిషి

అమ్మాయ్, నీ మూడో ప్రశ్నకి నా జవాబు వద్దు అనే. తొంభై ఏళ్ల మనిషికి ఇప్పుడు చరిత్ర చెప్పి ఏం సాధిస్తావు? ఆవిడ ఆ బాధతో ఎలాగో సర్దుకుని బతికేసింది. నాయన ఒగ్గేశాడు అనుకుంటే కోపం ఉంటుంది, కోపం మనిషిని నిలబెడుతుంది. ఒగ్గేయలేదు, దారిలో దిక్కులేని చావు చచ్చాడేమో అని ఇప్పుడు తెలిస్తే ఆ దుఃఖం కొత్తగా మొదలవుతుంది. మా ఇంట్లో దేశ విభజన మాటలు కెలికి మా మేనత్తకి నిద్ర లేకుండా చేశారు పిల్లలు. ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ ఆగు.

రాయగడ లైబ్రరీ

పెద్దాయన మాట మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఆడపడుచు గారు బ్రిటన్ పిల్లల మాట ఎత్తారు కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

1940 జూన్‌లో, ఫ్రాన్స్ పడిపోయే రోజుల్లో, బ్రిటన్ ప్రభుత్వం పిల్లల్ని సముద్రాలు దాటించడానికి ఒక బోర్డు పెట్టింది. దాన్ని చిల్డ్రన్స్ ఓవర్సీస్ రిసెప్షన్ బోర్డు అనేవాళ్లు. 5 ఏళ్ల నుంచి 15 ఏళ్ల పిల్లలు, తల్లిదండ్రులు లేకుండా, కెనడాకో ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో దక్షిణాఫ్రికాకో. కొద్ది వారాల్లోనే 2 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. కానీ పంపగలిగింది 2,664 మందిని. ఎందుకంటే సెప్టెంబరు 17 రాత్రి సిటీ ఆఫ్ బెనారస్ అనే ఓడని జర్మన్ జలాంతర్గామి అట్లాంటిక్ మధ్యలో ముంచేసింది. ఈ బోర్డు పంపిన పిల్లలు అందులో 90 మంది, 77 మంది పోయారు. ఆ తర్వాత పథకమే ఆపేశారు. మన కాశీ పేరు పెట్టుకున్న ఆ ఓడ సిబ్బందిలో చాలామంది మన దేశపు లాస్కర్లు, అంటే ఓడ పనివాళ్లు, వాళ్లు కూడా పెద్ద సంఖ్యలో పోయారు. ఒక పడవలో ఆరుగురు అబ్బాయిలూ, వాళ్లని కనిపెట్టుకుని ఒక టీచరమ్మా, బోలెడంతమంది లాస్కర్లూ కలిసి ఎనిమిది రోజులు సముద్రం మీద తేలుతూ ఉన్నారు, చివరికి ఒక విమానం చూసి కబురందిస్తే బయటపడ్డారు. ఆ ఓడ పిల్లల పేర్లు తెలుసు, ఊళ్లు తెలుసు. పక్కనే కూర్చున్న లాస్కర్ల గురించి అంత ఓపికగా ఎవరూ రాయలేదు, అది నాకు ఎప్పుడూ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.

నేను చెప్పదలచింది అది కాదు గానీ. క్షేమంగా చేరిన పిల్లలు యుద్ధం అయ్యాక 1945 ప్రాంతంలో ఇంటికి వచ్చారు. పదేళ్లప్పుడు వెళ్లినవాళ్లు పదిహేనేళ్లవాళ్లై వచ్చారు, స్టేషన్లో అమ్మని గుర్తుపట్టలేని పిల్లలు ఉన్నారు. ముసలివాళ్లయ్యాక కొందరు చెప్పింది వింటే మీ అమ్మమ్మ గారి మాటే. మమ్మల్ని ఎందుకు వదిలించుకున్నారు, మేం ఏం తప్పు చేశాం అని. బాంబు పడుతోంది కాబట్టి పంపారు అని వాళ్లకి తెలియక కాదు. తెలిసినా లోపల ఉన్న చిన్నపిల్ల నమ్మదు. అమ్మ చెయ్యి వదిలేసిందన్న సంగతి ఒక్కటే ఆ పిల్లకి గుర్తుంటుంది.

ఆ పిల్లలకి కనీసం అమ్మానాన్నలు బతికి ఉన్నారు, పెద్దయ్యాక అడగగలిగారు, పోట్లాడగలిగారు. మీ అమ్మమ్మకి ఆ అవకాశం రాలేదు. అలాంటప్పుడు ఆవిడ నాన్న తరఫున మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి కదండీ. అది మీరే. డెక్కు టికెట్టు సంగతి ఆవిడకి చెప్పకుండా దాచే హక్కు మనకి లేదనే నా అభిప్రాయం.

బల్లార్పూర్ బొగ్గుగని

నేను మహారాష్ట్ర వైపు నుంచి, చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్. మా నాన్నగారు గనుల్లో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, మా ముత్తాతలు ఇద్దరు రంగం వెళ్లినవాళ్లు.

మా పక్క జిల్లా యవత్మాళ్‌లో వణి అనే ఊరుంది, మన ఆదిలాబాద్‌కి దగ్గర. ఆ వణిలో పుట్టిన ఎం.ఎస్. అణే గారు, లోకనాయక్ అంటారు ఇక్కడ, 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో విదేశాల్లో ఉన్న భారతీయుల శాఖ చూసేవారు. ఆయనా హృదయనాథ్ కుంజ్రూ గారూ అస్సాం వైపు స్వయంగా వెళ్లి కాందిశీకుల్ని చూశారు. యూరోపియన్లకి ఒక రకం ఏర్పాట్లు, భారతీయులకి ఇంకో రకం అని బయటికి వచ్చి చెప్పారు. సర్కారులో ఉంటూనే ఆ మాట చెప్పాడంటే మామూలు ధైర్యం కాదు. మరుసటేడు గాంధీగారి నిరాహార దీక్షప్పుడు పదవి కూడా వదిలేశారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే రికార్డుల కోసం వెతికేటప్పుడు ఆయన శాఖ పేరు పనికొస్తుంది. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. అందులో ఇండియన్స్ ఓవర్సీస్ డిపార్ట్‌మెంట్ అని పెట్టి, 1942, 1943 సంవత్సరాలకి బర్మా ఎవాక్యుయీస్ అని ఇంగ్లీషులో కొట్టండి. మీ ముత్తాత పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. డెక్కు జనాన్ని పేరుపేరునా ఎవరూ రాసుకోలేదు, కనీసం నాకు కనపడలేదు. కానీ ఏ శిబిరంలో ఏం జరిగింది, ఆచూకీ తెలియనివాళ్ల కోసం ఇంటివాళ్లు రాసుకున్న అర్జీలు, అలాంటివి ఉన్న ఫైళ్లు ఉంటాయి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో బర్మా ఆఫీస్ కాగితాలు కూడా ఉన్నాయి, అవి ఎక్కువగా ఆఫీసర్ల ఉత్తరప్రత్యుత్తరాలు. మీకు దగ్గర్లో అయితే భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్. మీ అమ్మమ్మ వాళ్ల ఊరు ఇచ్ఛాపురం వైపు కాబట్టి అది ఒకప్పుడు మద్రాసు రాష్ట్రం, 1936లో ఒడిశా విడిగా ఏర్పడి గంజాం జిల్లా చీలినప్పుడు ఆ ముక్క అటు ఉండిపోయింది. కాబట్టి చెన్నైలో ఎగ్మోర్ ఆర్కైవ్స్ కూడా వదలకండి. ఇక్కడివాళ్లు అక్కడా, అక్కడివాళ్లు ఇక్కడా వెతికి ఏమీ లేదని ఊరుకున్న కేసులు నాకు తెలుసు.

సోలాపూర్ నేత

చిన్న మాట. కొల్హాపూర్ దగ్గర వలివడేలో యుద్ధంలో పోలండ్ వాళ్ల శిబిరం ఉండేది, 1943 నుంచి 1948 దాకా, ఆడవాళ్లు పిల్లలే ఎక్కువ, సుమారు 5 వేల మంది. బళ్లు, ఆస్పత్రి, చర్చి అన్నీ కట్టుకున్నారు. తర్వాత అదే చోటులో సింధీ కాందిశీకులు దిగారు, ఇప్పుడు గాంధీనగర్ అంటారు, మేం బట్టల బేరానికి వెళ్తూ ఉంటాం. ఎక్కడి పోలండ్ పిల్లల్నో మన దేశం అంత బాగా చూసుకుంది, సంతోషమే, గర్వంగా కూడా ఉంటుంది. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక కొల్హాపూర్ వచ్చి స్మారకం పెట్టించారు. రంగం నుంచి నడిచొచ్చిన మన పిల్లలకి గోపాల్‌పూర్‌లోనో కళింగపట్నంలోనో ఒక రాయి అయినా లేకపోవడం బాధగా ఉంది. ఒకప్పుడు ఆ రేవుల నుంచే కదా రంగం ఓడలు కదిలింది.

ఎంకేసీజీ దగ్గర నర్సు

బరంపురంలో పెద్దవయసు వాళ్ల వార్డులో పనిచేస్తాను. చెప్పాలా వద్దా అన్నదానికి నా అనుభవం రాస్తున్నాను అక్కా. ఆవిడ తనంతట తానే నాన్న మాట ఎత్తుతోంది అంటే ఆ సంగతి లోపల నడుస్తూనే ఉందన్నమాట. అసలు ఎత్తనివాళ్లని నేనూ కెలకను. ఎత్తేవాళ్లకి చెప్పొచ్చు, కానీ చెప్పే పద్ధతి ఉంటుంది. సాయంత్రం దాటాక వద్దు, వయసైనవాళ్లకి చీకటి పడ్డాక గాభరా ఎక్కువ. పొద్దున్న కాఫీ తాగాక, ఆవిడకి నచ్చినవాళ్లు పక్కనుండగా చెప్పండి. ఒకేసారి అంతా చెప్పకండి. టాంగప్, కలరా, శవాలు అవేవీ వద్దు, ఆవిడ అడిగితే తప్ప. మగవాళ్లకి టికెట్టు ఇవ్వలేదట అమ్మమ్మా అన్న ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే ఊరుకోబెట్టకండి. ఫోన్లో రికార్డు చేస్తే ముందే చెప్పి చేయండి, దొంగచాటుగా వద్దు. ఆ రాత్రి మాత్రం ఎవరో ఒకరు ఆవిడ గదిలో పడుకోండి.

బరంపురం ఆడపడుచు

అందరికీ చేతులెత్తి దండం. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. జయపురం పెదనాన్నగారూ, మీరు చెప్పినది మా అమ్మ కూడా అన్నది, అందుకే కొన్నాళ్లు ఆగాను. చివరికి నర్సు చెల్లి చెప్పినట్టే చేశాను. ఆదివారం పొద్దున్న మా పెదమామయ్య వచ్చినప్పుడు, ఆయన పక్కన కూర్చుని, ఒక్క ముక్కే చెప్పాను. అప్పుడు మగవాళ్లని డెక్కు మీద ఎక్కనివ్వలేదట అమ్మమ్మా, సర్కారే ఆపేసిందట అని.

ముందు వినిపించలేదేమో అనుకున్నాను. కాసేపయ్యాక "ఎవులు సెప్పినారు?" అంది. పర్లాకిమిడి మాస్టారు చెప్పారు అన్నాను. "మాస్టరైతే సదువుకుని సెప్పుంటాడు" అంది. మళ్లీ కాసేపు ఆగి, "మరి ఆ ముక్క మా యమ్మకి ఎవులూ సెప్పలేదేటి?" అని గట్టిగా, కోపంగా అడిగింది. ఏడవలేదు. కోపం వచ్చింది. వాళ్ల నాన్న మీద కాదు, కర్మ చేయించిన కుల పెద్దల మీద, పేరంటానికి పిలవని చుట్టాల మీద, పేర్లతో సహా తిట్టింది, వాళ్లంతా ఎప్పుడో పోయారు. పెదమామయ్య ఆపబోతే నేనే వద్దన్నాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర తనే మొదలెట్టింది. నేను ఇంతకుముందు ఎప్పుడూ వినని సంగతులు. ఓడ దగ్గర వాళ్ల నాన్నని టోపీ పెట్టుకున్న ఒకడు రెక్క పట్టుకుని పక్కకి లాగాడట. ఇది గుర్తుందా ఇన్నాళ్లూ అంటే, గుర్తుంది, కానీ తగువు పడుతున్నాడు కాబోలు అనుకున్నాను అంది. మిల్లు ఒక కాలువ ఒడ్డున ఉండేదట, పడవల మీద వడ్లు వచ్చేవట, పేరు ఆవిడ నోట "పూజండం" అని వినిపిస్తోంది. మేస్త్రీది సోంపేట వైపు అని, ఆయనా తిరిగి రాలేదని చెప్పింది. మాస్టారూ, ఈ పేరు ఏమిటో మీకేమైనా తెలుసా? మేస్త్రీ కుటుంబం వైపు నుంచి వెతికితే ఏమైనా దొరుకుతుందా?

కిమిడి మాస్టారు

తల్లీ, అది పజుండౌంగ్ అయి ఉంటుంది. రంగం ఊరికి తూర్పున ఉన్న వాగు, రెండు ఒడ్లా బియ్యం మిల్లులు ఉండేవి, మనవాళ్లు ఆ చుట్టుపక్కలే బ్యారక్కుల్లో ఉండేవాళ్లు. అమ్మమ్మ గారి జ్ఞాపకం గట్టిదే.

మేస్త్రీ వైపు నుంచి వెతకడం మంచి ఆలోచన. ఒక మేస్త్రీ కింద వెళ్లినవాళ్లు సాధారణంగా ఒకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, నడిచి వచ్చినప్పుడు కూడా ఆ గుంపుగానే నడిచారు. కాబట్టి మీ ముత్తాతతో ఒకే మిల్లులో పనిచేసి బతికి వచ్చినవాడు ఎవరైనా సోంపేట, బారువ, కంచిలి వైపు ఉండి ఉండాలి, వాళ్ల పిల్లలకి ఏదో ఒకటి చెప్పి ఉండాలి. నాకు అటు ఇద్దరు పాత విద్యార్థులు టీచర్లుగా ఉన్నారు, వాళ్లకి ఫోన్ చేస్తాను. అమ్మమ్మ గారిని ఇంకో రెండు సంగతులు అడగండి, తొందర లేదు. మేస్త్రీని ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు, ఇంటిపేరు ఏమిటి. రెండోది, బ్యారక్కులో పక్క గదిలో ఎవరుండేవారు. ఆడవాళ్లకి మిల్లు పేర్ల కంటే పక్కింటి వాళ్ల పేర్లే బాగా గుర్తుంటాయి.

ఇది చదువుతున్నవాళ్లలో సోంపేట వైపు రంగం కుటుంబాలు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి. పూర్తి పేర్లు బయట పెట్టక్కర్లేదు, ఊరూ, పజుండౌంగ్ మిల్లు అని రాస్తే చాలు.